కోడి అచ్చిరాని ఇల్లు

వజ్రపుకొత్తూరు,
2 మే 1929

పార్వతికి దమయంతి రాయడం.

మా బడి పిల్లలకు వేసవి సెలవులిచ్చాం. టెక్కలి నుంచి ఇంటికి వచ్చాను. నువ్వు ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటున్నావు కాబట్టి నిన్నొక సంగతి అడగాలి. నవ్వకుండా చదువు.

మా అన్న పోలారావు భార్య వరహాలమ్మను నువ్వు చూడలేదు. రావివలస పిల్ల. పెళ్లయి రెండేళ్లయినా మొన్న దసరాకే కాపురానికి వచ్చింది. పిరికిది మాత్రం కాదు. మొగలి పొదల పక్కనున్న నేలబావికి చీకటితోనే ఒంటరిగా వెళ్లి నీళ్లు తెస్తుంది. ఉగాదికి నేను వచ్చినప్పుడు వంటింట్లో పాము దూరింది. మేమంతా వీధిలోకి పరుగెత్తాం. ఆవిడ చీపురుతో దాన్ని గుమ్మం దాటించి, "పోయింది, అన్నాలకి రండి" అని పిలిచింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తోటలో పండిన తొలి పనసపండును కొత్తకోడలు కోసి, తొనలు తీసి, అయినవాళ్లకు తన చేత్తో పెట్టాలి. పోయిన శుక్రవారం చుట్టాలందరూ వచ్చి పెరట్లో కూర్చున్నారు. వదిన చేతులకు నూనె రాసుకుని కత్తి వేసింది. పండు రెండుగా విచ్చుకుంది. అది చూడగానే ఆమె కత్తి వదిలేసి వెనక్కి వెనక్కి పాక్కుంటూ వెళ్లింది. ముఖం తెల్లబడింది, ఒళ్లంతా చెమట, వణుకు. వాంతి చేసుకుని అక్కడే తెలివి తప్పి పడిపోయింది. పండు దొర్లి మట్టిలో పడింది.

మా అమ్మ ఎర్రమ్మ మాట ఇంట్లో ఎవరూ తీసెయ్యరు. "సెట్టుమీదిదేదో దీన్ని పట్టింది" అని భూతవైద్యుణ్ణి పిలిపించింది. అతను నల్లకోడిపెట్ట కావాలన్నాడు. మా ఇంటికి కోడి అచ్చిరాదు కదా! మనం చదువుకునే రోజుల్లో హాస్టల్లో నేను గుడ్డు ముట్టకపోతే నా వాటా కూడా నువ్వే తినేదానివి. అమ్మ గుమ్మడికాయతో సరిపెట్టుకోమంది. అతను వేపమండలతో వదినను కొట్టిన కొట్టుడుకు ఆవిడ రెండు రోజులు లేవలేదు.

ఇప్పుడు అమ్మ ఏమంటోందంటే, "ఏరువాక పున్నమి ఎల్లాక దీన్ని కన్నోరింటికి పంపీయండి. మా పోలిగాడికి మరో సంబంధం సూత్తాను." అన్న తల వంచుకుని కొబ్బరి పీచు వలుస్తూ కూర్చున్నాడు. నాన్న చుట్ట వెలిగించుకుని తోటలోకి పోయాడు.

పనసపండును చూసి ఎవరైనా భయపడతారా పార్వతీ? ఇది నటనా, రోగమా? దీనికి ఒక పేరుందా? మీ డాక్టరమ్మను అడిగి తప్పక రాయి.

నీ దమయంతి


బరంపురం,
11 మే 1929

పంతులమ్మ గారికి,

నవ్వలేదు. గుడ్ల సంగతి దగ్గర మాత్రం నవ్వాను. ఆ మూడేళ్లలో నాకు పట్టిన ఒళ్లు మీ ఇంటి ఆచారం చలవే.

డాక్టరమ్మ రౌండు ముగించి చేతులు కడుక్కుంటుంటే అడిగాను. ఆవిడ నవ్వదని నాకు ముందే తెలుసు. దీనికి పేరుంది. ఫోబియా అంటారు. అయితే ప్రతి భయమూ ఫోబియా కాదట. పాముకు భయపడితే అది బుద్ధి. బల్లిని చూసి ఛీ అంటే అది రోత. ఫోబియా వేరు. ఎదురుగా ఉన్నది తనను ఏమీ చెయ్యదని ఆ మనిషికి తెలుసు, మనకన్నా బాగా తెలుసు. తెలిసినా ఒళ్లు వినదు. గుండె, చెమట, కడుపు అన్నీ పులి ఎదురైనట్టే నడుచుకుంటాయి. అంతటితో కూడా ఆగదు. ఆ వస్తువు ఎక్కడ తగులుతుందోనని మనిషి తన బతుకు దారినే మళ్లించుకుంటుంది. వెళ్లాల్సిన చోటికి వెళ్లదు, చెయ్యాల్సిన పని చెయ్యదు, దానికి వేరే వేరే కారణాలు చెబుతుంది. "ఎంత భయపడుతోందని కాదు, ఎంత దూరం చుట్టూ తిరిగి వెళుతోందని చూడాలి" అంది డాక్టరమ్మ.

రాజమండ్రిలో ఆవిడకు తెలిసిన ఒక ప్లీడరు చొక్కా గుండీలు చూడలేడట. కోర్టుకు ముడులు వేసుకునే అంగరఖా తొడుక్కుని వెళ్లేవాడట. జనం అది దేశభక్తి అనుకున్నారట.

ఇంతకూ, దమయంతీ, నీ ఉత్తరంలో మీ అమ్మ మాట ఉంది, భూతవైద్యుడి మాట ఉంది. మీ వదిన మాట ఒక్కటీ లేదు, పామును తోలిన రోజుది తప్ప. ఆవిణ్ణి అడిగావా? కాయ చూస్తే భయమా, వాసనా, జిగురా? విడిగా తొన ఇస్తే తింటుందా? అడిగి రాయి.

పార్వతి


వజ్రపుకొత్తూరు,
20 మే 1929

పార్వతికి,

నాకు సిగ్గేసింది. నిజమే, నేను అడగలేదు.

కొబ్బరి పీచు నానేసిన గోతుల దగ్గర వదిన ఒక్కతే ఉన్నప్పుడు వెళ్లి కూర్చున్నాను. మొదట "ఏటీ నేదు, ఒగ్గీ" అని నా మాట తోసేసింది. నేను నీ ఉత్తరం చదివి వినిపించాను. గుండీల ప్లీడరు దగ్గర ఆమె పని ఆపి, "నిజంగానేనా?" అని రెండోసారి చదివించుకుంది. అప్పుడు చెప్పింది.

పనసచెట్టు భయం లేదు. కాయ భయం లేదు. తొన విడదీసి ఇస్తే ఇష్టంగా తింటుంది, పిక్కల కూర తనే వండుతుంది. కోసిన పండు ముఖమే ఆమె చూడలేనిది. తొనలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, గుంట పక్కన గుంటగా, వరసగా ఉంటాయి కదా, అది. తామరకాయ చూసినా అంతే, కందిరీగల తుట్టె చూసినా అంతే. చిన్నప్పటి నుంచీ ఉందట. రావివలసలో పనస కోసేవేళకు ఏదో పని కల్పించుకుని పొలం పోయేదట.

"అదేటీ సెయ్యదని నాకు తెల్దేటి, దమయంతీ? సెట్టునుంచొచ్చిన పండే కదా. కానీ అలా సూసీసరికి నా సరమం కింద కూడా అలాటి గుంటలే ఉన్నట్టుంటాది. గోకీసుకుని ఊడబెరికీసుకోవాలనిపిత్తాది" అంది. చెబుతూనే మోచెయ్యి రుద్దుకుంది. అక్కడ గోళ్ల గీతలున్నాయి.

డాక్టరమ్మ చెప్పినదానికి అక్షరం తేడా లేదు. నేను ఎంతో సంతోషించాను. ఆ సంతోషంలో ఒక పొరపాటు చేశాను పార్వతీ. భోజనాలయ్యాక అందరి ముందూ నిలబడి, బళ్లో పాఠం చెప్పినట్టు, ఇది దయ్యం కాదు, మనసుకు సంబంధించిన ఒక రోగం, దీనికి ఇంగ్లీషు వైద్యంలో పేరు కూడా ఉంది అని చెప్పాను.

అమ్మ శ్రద్ధగా వింది. విని, "రోగవా? దయ్యవయితే ఎప్పటికో ఒదిలీది. రోగం ఒదల్దు. రోగిష్టి పిల్లని దాసిపెట్టి మనకి కట్టబెట్టీసారన్నమాట" అంది.

అంతవరకు అటూ ఇటూ ఊగుతున్న నాన్న కూడా, "సదువుకున్న పిల్లే రోగవని సెప్తంటే ఇంకేటుంది" అన్నాడు. మరునాడే రావివలసకు కబురు వెళ్లింది. పున్నమి వెళ్లిన ఆదివారం వదిన తండ్రి సన్యాసి బండి కట్టుకుని రావాలి, పెద్దల ముందు పిల్లను అప్పగించేస్తారు.

వదిన నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు మంచికే సెప్పావులే" అంది. ఆ మాటతో నాకు అన్నం సయించడం లేదు. ఏమి చెయ్యాలో తోచడం లేదు.

దమయంతి


బరంపురం,
31 మే 1929

దమయంతీ,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు జవాబు రాయలేదు. నీకు ఒక సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను.

పోయినసారి డాక్టరమ్మను "మా స్నేహితురాలి వదిన" అని అడిగాను. సగం నా కోసం అడిగాను. నాకు దూది భయం. నవ్వుకో. ఆసుపత్రిలో నర్సుకు దూది భయం. పొడి దూదిని వేళ్లతో తుంచేటప్పుడు చెవికి వినపడీ వినపడని ఒక శబ్దం వస్తుంది. అది నా పళ్లలోంచి వెన్నులోకి దిగుతుంది. కళ్లు చీకట్లు కమ్ముతాయి. ఇన్నాళ్లూ నాతో పాటు నేర్చుకుంటున్న పిల్ల ఒకతె నా వాటా దూది తుంచుతోంది, ఆమె వాటా మలం పళ్లేలు నేను కడుగుతున్నాను. నన్ను చూసి అందరూ ఎంత సేవాభావం అంటున్నారు. చుట్టూ తిరిగి వెళ్లడమంటే ఏమిటో డాక్టరమ్మ చెప్పేలోపే నాకు తెలుసు.

అందుకే నా బుర్ర ఆ దారినే పోతోంది. కోపం తెచ్చుకోకుండా ఇది చదువు. మీ ఇంటికి కోడి అచ్చిరాదన్నావు. అది అమ్మవారి ఆజ్ఞ అని చెప్పుకుంటారని హాస్టల్లో అనేదానివి. ఇచ్ఛాపురంలో మా ఇంటి వెనక తామాడ వారున్నారు. మీ ఇంటిపేరే, మీ అమ్మవారే, మీ తాతకు దాయాదులే. వాళ్ల పెరడంతా కోళ్లే. మా మామ్మ రోజూ పొద్దున్నే ఆ కోళ్లను ఒడియాలో తిడుతూ లేస్తుంది. ఒకే అమ్మవారు ఒక ఇంటికి వద్దని, ఇంకో ఇంటికి కావాలని చెబుతుందా?

మీ ఇంటికి ఈ ఆచారం ఎప్పుడు వచ్చింది? ఎవరు పెట్టారు? ఎవరు వచ్చాక పెట్టారు? పెద్దవాళ్లనెవరినైనా అడుగు.

పార్వతి


టెక్కలి,
15 జూన్ 1929

పార్వతీ,

ముందు నీ దూది. నేను నవ్వలేదు. హాస్టల్లో దీపపు వత్తులు చెయ్యడం నీ వంతు వచ్చినప్పుడల్లా నీకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు అర్థమైంది. మీ డాక్టరమ్మకు చెప్పు. ఇంకొకరి పేరు పెట్టకుండా చెప్పు.

ఇక మా ఇంటి సంగతి. బడి తెరిచారని నేను టెక్కలి వచ్చేశాను. రాకముందు మా మేనత్త అప్పలనరసమ్మ ఇంటికి వెళ్లాను. మా ఊళ్లోనే సముద్రం వైపు ఉంటుంది. కోళ్ల మాట ఎత్తగానే నోట్లో పొగాకు ఊసి వచ్చింది.

"ఒలే గుంటా, ఇన్నాళ్లకి అడిగినోల్లు కనపడ్డారు. మీ అమ్మ కాపరానికొచ్చినప్పుడు మనింటి నిండా కోళ్లే. మా అయ్యకి ఆదివారం కోడికూర నేకపోతే ముద్ద దిగీది కాదు."

అమ్మకు అప్పుడు పదిహేనేళ్లట. వచ్చిన కొత్తలో ఒక పెట్ట గూటి మీది నుంచి రెక్కలు కొట్టుకుంటూ అమ్మ భుజం మీద వాలింది. అమ్మ నీళ్లకడవతో సహా పడిపోయింది. ఆ తరువాత పెరట్లో అడుగు పెట్టలేదు. నూతికి వెళ్లాలంటే వీధి గుమ్మంలోంచి బయటపడి, మూడిళ్లు చుట్టి వెళ్లేది. ఎందుకని అడిగితే దారిలో చల్లగా ఉంటుందనేది. మా నాయనమ్మ రత్నాలమ్మ ఇదంతా గమనిస్తూ వచ్చింది. ఒకనాడు తెల్లవారగానే తలారా స్నానం చేసి, తడిచీరతో వాకిట్లో నిలబడి, రాత్రి అమ్మవారు కలలో కనిపించి ఈ ఇంట కోడి ఉండరాదని చెప్పిందని అందరికీ చాటింది. సాయంత్రానికల్లా గూడు ఖాళీ.

"నిజంగా కల వచ్చిందేమో అత్తా" అన్నాను.

"కలా? ఆ రేత్రి నాకు పురిటినొప్పులే. మా పెద్దోడు పుట్టిన రేత్రి. తెల్లవార్లూ మాయమ్మ నా నడుం పట్టుకుని కూకుంది. కునుకేత్తే కదా కలొచ్చీది! ఎవరికీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకుంది. ‘సిన్నపిల్లే, ఊరోల్లకి తెలిత్తే పిచ్చిదనీత్తారు, నీ తమ్ముడికి మరో పిల్లని తెమ్మంతారు’ అంది. పోయినోల్లతో ఒట్టు పోయిందిలే."

వదినకు చెప్పాను. చాలాసేపు నవ్వింది. తరువాత ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

అమ్మకు చెప్పడానికి మూడు రోజులు జంకాను. చివరకు మేమిద్దరమే కొబ్బరి మట్టలు అల్లుతున్నప్పుడు చెప్పాను. వదిన పేరు ఎత్తలేదు. నాయనమ్మకు కల రాలేదట అని మాత్రమే అన్నాను. అమ్మ చేతిలో మట్ట ఆగిపోయింది. నాయనమ్మకు నిజంగా కల వచ్చిందనే, అమ్మవారు తనను కనిపెట్టి కాపాడిందనే అమ్మ ఇన్నేళ్లూ నమ్మింది పార్వతీ. ఆమె ముఖం చూసి నేను చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను.

"నీకెవరు సెప్పారు?" అంది. చెప్పాను. లేచి తోటలోకి వెళ్లింది. పొద్దు గూకే దాకా రాలేదు. మరునాడు నేను బండెక్కేటప్పుడు, "పున్నమెల్లిన ఆదివారానికి సన్యాసన్న బండి టెక్కలి మీంచే వత్తాది. అందులో వొచ్చీ" అంది. అంటే ఏర్పాటు మారలేదన్నమాట.

నేను సాయం చేశానో మరింత చెడగొట్టానో తెలియడం లేదు.

దమయంతి


బరంపురం,
20 జూన్ 1929

దమయంతీ,

ఆదివారంలోగా నీకు అందాలని తొందరగా రాస్తున్నాను.

డాక్టరమ్మకు నా పేరు పెట్టుకునే చెప్పాను. నన్ను ఇంటికి పంపేస్తుందనుకున్నాను. ఆవిడ కాసేపు నా వేళ్ల వంక చూసి, "తడి దూది ముట్టగలవా?" అంది. ముట్టగలను. తడిసిన దూదికి ఆ శబ్దం ఉండదు. "అయితే తడిపి తుంచుకో. పొడిదాని సంగతి మెల్లగా చూద్దాం" అంది. అంతే. ఏడాది నుంచి ఎవరికీ తెలియకూడదని ఎన్ని మలం పళ్లేలు కడిగానో తలుచుకుంటే నవ్వు వస్తోంది.

మీ అమ్మను తొందరపెట్టకు. ఇంత వయసొచ్చాక తన భయాన్ని పేరు పెట్టి పిలవమంటే ఎవరికైనా కష్టమే. కానీ మీ వదిన పక్కన మాత్రం కూర్చో. ఏమైనా కూర్చునే ఉండు.

పార్వతి


వజ్రపుకొత్తూరు,
25 జూన్ 1929

పార్వతికి,

నీ ఉత్తరం శనివారమే అందింది. నువ్వు చెప్పినట్టే చేశాను.

శనివారం రాత్రి సన్యాసి మావ బండిలో టెక్కలి నుంచి బయలుదేరాం. బండిలో మామూలుకన్నా ఎక్కువ గడ్డి పరిచి, పైన దుప్పటి మడత పెట్టి ఉంది. "వరాలికి ఒంట్లో బాగోదేమో, పడుకుంటాదని" అన్నాడు మావ. నేను ఆ దుప్పటి మీద కూర్చోలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం పెద్దలు వచ్చారు. అప్పలనరసమ్మత్త కూడా వచ్చి అరుగు మీద కూర్చుంది. వదిన మూట కట్టుకుని తలుపు వెనక నిలబడింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. అన్న స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. నాన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయాడు.

అమ్మ లోపలి నుంచి వచ్చింది. తలారా స్నానం చేసి ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"రేత్రి అమ్మోరు కల్లో కనపడింది. ఇకమీదట ఈ ఇంట పనసపండు కొయ్యరాదంది" అంది.

అప్పలనరసమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దలు దండం పెట్టారు. నిజం చెబుతున్నాను పార్వతీ, నాకు ఎంతో తేలికపడింది. ఒక మూల మాత్రం, నేను చదివిన చదువంతా ఏమైపోయిందని కొంచెం బాధ కూడా వేసింది. అయినా ఊరుకున్నాను. వదిన ఉండిపోతుంది కదా, అది చాలు అనుకున్నాను.

వదిన ఊరుకోలేదు. తలుపు దాటి అందరి మధ్యకు వచ్చింది.

"అత్తా, అమ్మోరి మీదెట్టకు. నాకు బయ్యమని సెప్పు. నాకొక్కదానికే బయ్యం. రేపొద్దున నాకు పిల్లలు పుడితే ఆల్లకి పనసతొన నేకండా సెయ్యడం నాకిట్టం నేదు. నాకొక కోడలొత్తాది, ఎందుకో ఎరక్కండానే మానీసి కూకుంటాది. మా ఆడబడుసుని సూడు, కోడిగుడ్డు రుసి తెల్దు."

అందరూ నా వంక చూశారు. ఇక వదిన మూట వీధిలో పడుతుందనే అనుకున్నాను.

అమ్మ వదిన వంక చాలాసేపు చూసింది. మోచేతి మీది గీతలు చూసింది. ఆ తరువాత నాన్న వైపు తిరిగి అంది:

"నాకు కోడంటే బయ్యం."

"ఏటీ?" అన్నాడు నాన్న.

"కోడంటే నాకు బయ్యం. రెక్కలు కొట్టుకుంటే పేనం పోయినట్టుంటాది. కాపరానికొచ్చిన కాణ్ణుంచి ఉంది. అమ్మోరు కాదు, ఏటీ కాదు. మీ అమ్మ నా మొగం సూసి ఆ మాట సెప్పింది."

"ముప్పయ్యేళ్లు నన్ను కూర నేకండా సంపీసావు కదే!" అన్నాడు నాన్న. అప్పలనరసమ్మత్త ఆపుకోలేక గట్టిగా నవ్వేసింది. ఆమెతో పాటు ఇంకొందరు నవ్వారు. నాన్నకు ఉక్రోషం వచ్చింది. "నాతో సెప్తే నానేటి, నిన్నొగ్గీసీవోణ్ణా?" అన్నాడు.

"ఏటి సేసీవోడివో నాకు తెల్దు. మీ అమ్మ అంతదాకా రానివ్వనేదు" అంది అమ్మ. ఆ మాటకు నవ్వులు ఆగిపోయాయి. అమ్మ గొంతు తగ్గించింది. "మా అత్త నా మొగం సూసింది. నాను దీని మొగం సూడ్నేదు."

అన్న అప్పుడు తల ఎత్తాడు. "పండు నాను కోత్తాను. తోటలోనే కోసి తొనలు తెత్తాను" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ మాట ఎందుకు అనలేదని నేను అడగలేదు. అన్నందుకే సంతోషించాను.

పెద్దల్లో ఒకాయన, అయితే ఇప్పుడు అమ్మవారి మాట ఏమిటి, పిల్ల వెళుతున్నట్టా ఉంటున్నట్టా, ఏదో ఒకటి తేల్చండి అన్నాడు. నాన్న చుట్ట వెతుక్కుంటున్నాడు. వీధిలో సన్యాసి మావ పగ్గాలు పట్టుకుని ఎండలోనే నిలబడి ఉన్నాడు. లోపల మాటలు ఆయనకు సగమే వినపడినట్టున్నాయి.

వదిన గుమ్మం దగ్గరకు వెళ్లింది.

"అయ్యా, ఎద్దుల్ని ఇప్పు. ఎండలో ఎంతసేపుంచుతావు? ఆటికి నీల్లెట్టు" అంది.

ఆయన కదలలేదు. ఇంటి పెద్దది ఏమంటుందోనని అమ్మ వంక చూశాడు.

"కోడలు ఇప్పమంటంది కదన్నా," అంది అమ్మ, "ఇనపళ్లేదేటి?"

దమయంతి